నాలుగు కుర్చీల బల్ల

బఠాణీలు ఒలవడానికి రెండు చేతులు కావాలి, పరీక్ష పేపర్లు దిద్దడానికి ఇంకొకటి కావాలి. దేవుడు నాకిచ్చినవి రెండే. అందుకని ఆదివారం పొద్దున్నే వంటింట్లో నేల మీద చతికిలబడి, కాసిని కాయలు ఒలిచి ఓ పేజీ దిద్దుతూ, మళ్లీ కాయలు ఒలుస్తూ కూర్చున్నాను. పేపర్లు నావి కావు, మా ఆయనవి. ఆయన పెద్ద క్లాసులకి సాహిత్యం చెబుతారు, నేను అదే స్కూల్లో చిన్న క్లాసులకి చెబుతాను. ఇద్దరిదీ ఒకే డిగ్రీ. ఆ మాటకొస్తే మార్కులు నావే ఎక్కువ. పెళ్లైన కొత్తలో "నీ చేతిరాత అచ్చం నాలాగే ఉందే!" అని ఆయన మురిసిపోతే ప్రేమ అనుకున్నాను, పిచ్చిమొహాన్ని. అప్పట్నుంచీ ఆయన కట్టలు నేను దిద్దుతాను, ఆయన సంతకం పెడతారు.

ఈసారి కూడా ఏటా ఇచ్చే నవల మీదే ప్రశ్న. ఓ కుర్రాడు ఎదురుదెబ్బలు తిని, మంచీ చెడ్డా తెలుసుకుని మనిషై, ఆఖర్న ఇల్లు వదిలి వెళ్తాడు. ఇంట్లో అందరూ భోంచేస్తున్నప్పుడల్లా వాళ్లమ్మ గుమ్మాన్ని ఆనుకుని నిలబడి ఉంటుంది. గుమ్మం దగ్గరి తల్లి దేనికి ప్రతీక? పది మార్కులు. త్యాగానికి, అని మా ఆయన జవాబు రాసిచ్చారు. నేనూ గానుగెద్దులా టిక్కులు పెట్టుకుంటూ పోతున్నాను. తొందరలో ఒకడు త్యాగం బదులు యాగం అని రాస్తే వాడికీ మార్కులేశాను.

అప్పుడొచ్చింది ఆ పిల్ల పేపరు. చివరి బెంచీలో కూర్చుంటుందని, నోట్లో నాలుక లేదని మా ఆయన అంటుంటారు. ఇలా రాసింది:

"ఆమె త్యాగం కోసం నిలబడలేదు. ఆ ఇంట్లో ఉన్నవి నాలుగు కుర్చీలు. తాత, నాన్న, ఇద్దరు కొడుకులు కూర్చుంటారు. ఆమెకి కుర్చీ లేదు. ఆఖర్న కొడుకు వెళ్లిపోయాక అతని కుర్చీలో కూర్చుని ఏడుస్తుంది. బెంగతో ఏడ్చిందని మాకు చెప్పారు. బెంగ ఉండే ఉంటుంది. కానీ ఆ రోజే ఆమెకి మొదటిసారి కూర్చోవడానికి చోటు దొరికింది. ఈ నవలలో ఎదిగింది కొడుకొక్కడేనా అని నా అనుమానం."

చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. లేచి, అలమారలోంచి నవల తీసి చూశాను. నిజమే, నాలుగే. ఎన్నిసార్లు చదివానో ఈ పుస్తకం! ఆ తల్లి కోసం ఎన్నిసార్లు కళ్లు తుడుచుకున్నానో! ఏడ్చానే గానీ, ఆవిడ కుర్చీ ఏదని అడగలేదు. నాకు తడితే కదా. మా భోజనాల బల్ల కొన్న రోజు గుర్తొచ్చింది. "ఆరు కుర్చీలైతే ఇరుకు. నాన్న, అమ్మ, తమ్ముడు, నేను. నాలుగు చాలు. నువ్వెలాగూ వడ్డించాలిగా" అన్నారు మా ఆయన, కొట్టతని ముందే. నేను నవ్వాను కూడా. తర్వాతెప్పుడో కాళ్లు లాగుతున్నాయంటే అత్తయ్య, "మా అత్తగారు పోయేదాకా నేనూ నిలబడే ఉన్నానమ్మా" అన్నారు. అది ఓదార్పో, నా వంతు వచ్చేదాకా ఆగమనడమో నాకిప్పటికీ తెలీదు.

కూర పొయ్యి మీద పడేసి, పేపరు పట్టుకుని హాల్లోకి వెళ్లాను. మా ఆయన చదివి నవ్వారు. "సున్నా వెయ్యి."

"సున్నా వేస్తే పిల్ల తప్పుతుందండీ. మిగతావన్నీ అంతంతమాత్రంగా రాసింది."

"తప్పనీ. సాహిత్యమంటే కుర్చీలు లెక్కపెట్టడమా? ఆ తల్లి ఓ ప్రతీక. ప్రతీకలకి కాళ్లనొప్పులుంటాయటే?"

పక్కనే ఫోన్ చూసుకుంటున్న మరిది కిసుక్కున నవ్వాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఇంత కట్టలో ఆ పుస్తకాన్ని నిజంగా చదివింది ఆ పిల్ల ఒక్కతే. తప్పాల్సింది కూడా ఆ పిల్లేనట! అక్కడే, ఆయన కళ్లముందే, పదికి పది వేశాను. పక్కనే నా సంతకం పెట్టాను.

"ఇదేంటి? రేపు హెడ్మాస్టరు చూస్తే?"

"చూడనివ్వండి. ఈ పేపరు ఎవరు దిద్దారని అడిగితే నేనని చెబుతాను. మిగతా కట్టల సంగతి అడిగినా నిజమే చెబుతాను."

ఆయన నా సంతకం వంక చూశారు. "సరే, ముందు అన్నం వడ్డించు" అని చేతులు కడుక్కోవడానికి లేచారు.

వడ్డించాను. అన్నీ బల్ల మీద సర్ది, నా కంచం కూడా పెట్టుకుని, మా ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాను. మామయ్య దగ్గారు. మరిది ఫోన్లోంచి తలెత్తాడు. అత్తయ్య నా మొహంలోకి చూసి, కూర గిన్నె నావైపు జరిపారు. నేను మొదటి ముద్ద కలుపుకున్నాను, కూర ఇంకా పొగలు కక్కుతోంది.

మా ఆయన చేతులు తుడుచుకుంటూ వచ్చి, బల్ల చుట్టూ చూశారు.

"మరి నేనెక్కడ కూర్చోవాలి?"

ఆ మాట అడగడానికి ఆయనకి ఒక్క నిమిషం కూడా పట్టలేదు.