చెప్పుల సీను

ఒళ్లు మండిపోయింది నాకు. డబ్బింగ్ గది గాజు అద్దానికి అవతల కూర్చున్న డైరెక్టరు మైకులో మళ్లీ అన్నాడు: "ఇంకాస్త ఏడుపు కలపండి మేడం. కాళ్ల మీద పడి బతిమాలుతోంది కదా!"

తెర మీద బతిమాలుతున్నది మా అమ్మ. అంటే, మా అక్క అమ్మ గురించి రాసిన నవల్లో మనిషి. హీరోయిన్‌కి గొంతు నాది. ఏళ్ల తరబడి ఇంకో ఇంట్లో కాపురం వెలగబెట్టి, ఏమీ ఎరగనట్టు తిరిగొచ్చాడు మా నాన్న. అమ్మ ఆయన గుమ్మంలో విడిచిన చెప్పులు తీసి చేతికిచ్చి, "తొడుక్కుని దయచెయ్యండి" అంది. అక్క నవల్లో మాత్రం అమ్మ మౌనంగా తలుపు మూసింది. చెప్పులైతే మోటుగా ఉంటాయట! నవలకి అవార్డులొచ్చాయి, సినిమాగా తీస్తామని వీళ్లొచ్చారు. అమ్మ చిన్నబుచ్చుకుంది. "సినిమాలో పెట్టిస్తాలే అమ్మా" అని అక్క ఒట్టేసింది. అప్పట్నుంచీ అమ్మ కనబడ్డవాళ్లందరికీ ఆ సీను గురించే చెబుతోంది.

ఈ డైరెక్టరు మహానుభావుడేమో అమ్మని ఏకంగా నాన్న కాళ్ల మీద పడేశాడు! అక్క ఆయన పక్కనే సోఫాలో కూర్చుని గోళ్లు చూసుకుంటోంది.

"మళ్లీ వెయ్యండి" అన్నాను.

హీరోయిన్ వంగింది. వీపే కనబడుతోంది. పెదాలు కనబడని షాట్లో ఏ మాటైనా అతుకుతుంది. మా పనిలో ఉన్నవాళ్లందరికీ తెలిసిన సంగతే, ఇందాకటి నుంచీ ఏడుస్తూ కూర్చున్న నా బుర్రకే తట్టలేదు!

"ఇవిగో మీ చెప్పులు" అన్నాను మైకులో. "తొడుక్కుని దయచెయ్యండి."

తెర మీద నాన్న వేషం కట్టిన హీరో బిక్కమొహం వేశాడు. అచ్చం సరిపోయింది. సౌండ్ ఇంజనీరు పకపకా నవ్వేశాడు.

"తమాషాగా ఉందా?" డైరెక్టరు కయ్యిమన్నాడు. "ఆ మాట నవల్లోనే లేదు. కావాలంటే రచయిత్రి గారినే అడుగు!"

అందరం అక్క వైపు చూశాం. అమ్మ అన్న మాటే అది అని ఒక్క ముక్క చెబితే చాలు.

"నవల్లో లేదు" అంది అక్క, తలెత్తకుండా.

ఇంజనీరు నేనన్న మాట తుడిచేశాడు. "వేరే గొంతు చూసుకోండి!" అని హెడ్‌ఫోన్లు విసిరికొట్టి బయటికొచ్చాను. అక్క వెనకాలే పరిగెత్తుకొచ్చింది.

"ఇంత పెద్ద సినిమా మళ్లీ రాదే, కాస్త అర్థం చేసుకో..."

"సిగ్గు లేదూ నీకు?" అంటుండగానే నా ఫోను మోగింది. అమ్మ.

"ఏమే, నా చెప్పుల సీను అయిందా? గట్టిగా అన్నావా?"

"గట్టిగానే అన్నానమ్మా. ఉంచారో లేదో రచయిత్రి గారినే అడుగు" అని ఫోను అక్క చేతిలో పెట్టాను.