తార్నాక లైను

భర్త దానియేలును సమాధి చేసిన పదమూడో రోజున విజయకుమారి మళ్లీ ల్యాబుకు వచ్చింది. సెలవు ఇంకా ఉంది. ఇంట్లో ఏం చేయాలో తోచలేదు, అంతే. యూనివర్సిటీ ఫిజిక్స్ విభాగంలో ఆమె టెక్నికల్ ఆఫీసరు.

క్యాంపస్ నుంచి తార్నాక టెలిఫోన్ ఎక్స్ఛేంజి దాకా భూమిలో ఒక గాజు తీగ వేశారు. అందులో వెలుగును ఒక్కో కణంగా పంపి, రెండు చివర్లలోనూ ఒకే రహస్య కీ పుట్టించాలి. ఫోన్ల మాటలకు తాళం వేసేది ఆ కీయే. మధ్యలో ఎవరైనా తొంగిచూస్తే కణాలు చెదిరి తప్పులు పెరుగుతాయి. తప్పులు పదకొండు శాతం దాటితే ఆ కీని పారేయాలి.

ఆ రోజు టెలికాం అధికారులు చూడ్డానికి వస్తున్నారు. పన్నెండింటికి తెరమీద తప్పుల శాతం పద్నాలుగు చూపించింది.

ప్రొఫెసర్ శేషాద్రి ఆమె పక్కకొచ్చి గొంతు తగ్గించాడు. "మధ్యలో ఎవరూ తొంగిచూడ్డం లేదులేమ్మా. తీగ ఎక్కడో నలిగుంటుంది. ఇవాల్టికి హద్దు ఇరవై చేసెయ్. వాళ్లకేం తెలుస్తుంది?"

మూడేళ్ల కష్టం ఆయనది. ఇదివరకైతే భయపడేది, లేదా జాలిపడేది. ఇప్పుడు రెండూ రాలేదు.

"చెయ్యను సార్," అంది.

ఒంటిగంటకు అధికారులు వచ్చి కూర్చున్నారు. ఆమె మీట నొక్కింది. 'కీ రద్దు' అని తెరమీద ఎర్రగా వచ్చింది.

"అంటే?" అన్నాడు వాళ్లలో పెద్దాయన.

"లైను నమ్మడానికి లేదు సార్. ఈ కీ వాడకూడదు."

"కారణం?"

"తెలియదు. వెళ్లి చూడాలి."

శేషాద్రి తలెత్తలేదు. పెద్దాయన ఏదో రాసుకుని, "చూసి చెప్పండి. నాలుగింటిదాకా ఉంటాం," అన్నాడు.

లోపం తార్నాక చివర్లోనే ఉందని పరికరం చూపింది. ఆమె ఫోన్ చేసి ఆటోలో వెళ్లేసరికి ఎక్స్ఛేంజి లైన్‌మన్ వీరస్వామి మ్యాన్‌హోల్ మూత తీసి ఉంచాడు.

"గిది చూడున్రి మేడం. నీళ్ల పైపు ఏసినోళ్లు కేబులును బండ కింద తొక్కిన్రు. కోసి అతికిస్త, గంటల అయితది."

పని చేస్తూనే అడిగాడు. "దానియేలు సారు మంచిగున్నరా? మా పిల్లకు లెక్కలు చెప్పిన్రు. పాసైందని చెప్పున్రి."

"పోయారు వీరస్వామీ. గుండెపోటు. పదమూడు రోజులైంది."

ఆ మాట ఆమె తన నోటితో అనడం అదే మొదటిసారి. అందరికీ మరిది శాంసనే చెప్పాడు. అన్నాక ఏదో అవుతుందనుకుంది. ఏమీ కాలేదు. బస్సులు పోతూనే ఉన్నాయి. వీరస్వామి ఫుట్‌పాత్ మీద కూలబడి, భుజంమీది తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు. ఆమె చూస్తూ నిలబడింది.

"కానియ్యండి," అంది కాసేపటికి. వెంట్రుకంత గాజు తీగను కదలకుండా తనే పట్టుకుంది.

మూడున్నరకు శేషాద్రి ఫోన్ చేశాడు. "తప్పులు మూడు శాతానికి దిగాయమ్మా. కీ వస్తోంది. రద్దయిన సంగతే ముందు రిపోర్టులో రాస్తామన్నారు వాళ్లు. లైను పాడైతే పాడైందని చెప్పే యంత్రమే తమకు కావాలట. నేను అలా అడిగుండాల్సింది కాదు."

"సరే సార్," అంది.

క్యాంపస్‌కు తిరిగి వెళ్లలేదు. ఇంటివైపు నడుస్తూ బండి దగ్గర ఆగింది. అరటిపళ్లు డజను అడగబోయి, అరడజను చాలంది. ఇంటికొచ్చి, నిలబడే ఒకటి తిన్నది.