మూడో పరిచయం

దిక్కులేని కుక్కల్ని తెచ్చి ఉంచే షెడ్డులో ఆయన్ని అందరూ తోక పంతులు అంటారు. బడిలో పాఠాలు చెప్పినందుకు కాదు, తోకను చూసి కుక్క మనసులో ఉన్నదంతా గడగడా చదివేస్తాడని. తోక ఊపుడును బట్టి ఆ ఇంట్లో మొగుడూ పెళ్ళాల మధ్య మాటలున్నాయో లేవో కూడా చెప్పగలనంటాడు. ఒకసారి ఒక నల్లకుక్క తోకలో గాలివాన కనిపిస్తే వీధి వీధంతటిచేతా ఆరేసిన బట్టలు తీయించాడట. నమ్మక తప్పదు. నమ్మకపోతే మళ్ళీ మొదటినుంచి చెబుతాడు మరి.

అయితే రెండు కుక్కలు ఎదురుపడితే మాత్రం ఆయన కన్ను పొరబడదు. తోక ఊగగానే స్నేహమనుకునే కొత్తవాళ్ళను చూసి కిసుక్కున నవ్వుతాడు.

“ఊగడం ఒక్కటే కాదయ్యా, ఎట్లా ఊగుతోందో చూడు. నడుముతో సహా ఊగిందా, చుట్టరికం. నిటారుగా లేపి కొస మాత్రం ఆడించిందా, నీ పిక్కలు నువ్వు చూసుకో.”

పోట్లాడే కుక్కకు షెడ్డువాళ్ళు ఇంకో కుక్కతో రెండుసార్లు పరిచయం చేయిస్తారు. కలిసిందా, ఏదో ఒక ఇంటికి పోతుంది. కలవలేదా, చివరి గదిలో ప్రాణం తీసే సూదిమందు. సూది వేసే డాక్టరమ్మ పంతులుకు స్వయానా మేనకోడలు.

ఒంటిచెవి అనే గోధుమరంగు కుక్కకు ఆ రెండూ అయిపోయాయి. మొదటిసారి అది ఎదుటి కుక్క మీదికి దూకితే, “కందిరీగ కుట్టిందమ్మడూ, కళ్ళారా చూశాను” అన్నాడు పంతులు. అక్కడ ఈగ కూడా లేదు. రెండోసారి దూకితే, “ఆ బొచ్చుది దీని తల్లినెత్తి తిట్టింది, నేను విన్నాను” అన్నాడు. డాక్టరమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వినందుకే మూడో పరిచయం ఒప్పుకుంది.

“ఇదే ఆఖరు మామయ్యా. పైవాళ్ళు నన్ను నిలదీస్తున్నారు. ఇంకో కథ చెప్పావంటే వినను.”

“కథలెందుకే? ఈసారి నువ్వే చూస్తావుగా.”

ఆ మధ్యాహ్నం టైలరమ్మ తన లావుపాటి ఆడకుక్కను తీసుకొచ్చింది. దాని పేరు దారపుండ. ఇంట్లో దానికి ఒక తోడు కావాలని ఆమె ఆశ. డాక్టరమ్మ కిటికీ దగ్గర కూర్చుని ఫోనులో పైవాళ్ళకు సమాధానం చెబుతూ మధ్యమధ్యలో తలెత్తి చూస్తోంది.

“తాడు వదులుగా పట్టుకో తల్లీ,” అన్నాడు పంతులు. “మెడ దగ్గర బట్టలారేసే తీగలా వేలాడాలి. నువ్వు బిగిస్తే నీ భయం తాడులోంచి దిగి కుక్కలోకి పోతుంది.”

“ఎదురెదురుగా తీసుకురానా బాబాయ్?”

“వద్దొద్దు. మనుషులకే అది మంచిది కాదు. వంపు తిరిగి రా.”

ఒంటిచెవి తాడు పంతులు తానే పట్టుకున్నాడు. రెండూ వంపుగా వచ్చాయి. ఒంటిచెవి పెదవులు నాక్కుంది. మొహం పక్కకు తిప్పి, నేలను వాసన చూసింది. నీతో నాకు గొడవ లేదని చెప్పడమే అదంతా. దారపుండ వెనకనుంచి మూతి చాపింది. ఒంటిచెవి కదలకుండా వాసన చూడనిచ్చి, తర్వాత తానూ చూసింది. తోక నడుం ఎత్తులో, మెత్తగా. దారపుండ ముందుకాళ్ళు నేలకానించి, పిర్రలు పైకెత్తింది. ఆడుకుందాం రమ్మని పిలుపు.

ఇరవై ఏళ్ళలో పంతులు ఇంత సవ్యమైన పరిచయం చూడలేదు. ఇక ఒక్క నిమిషం. ఒక్క నిమిషం గడిస్తే ఒంటిచెవికి ఇల్లు. అంతలో దాని తోక బెత్తెడు పైకి లేచింది. ఆటకు లేచిందో, పోట్లాటకు లేచిందో! ఇన్నేళ్ళూ చదివిన మనిషికి ఆ క్షణాన అక్షరం కనిపించలేదు. ఎందరికో వద్దని చెప్పిన చెయ్యి దానంతటదే తాడును మణికట్టుకు ఒక చుట్టు చుట్టి లాగింది. అప్పుడు డాక్టరమ్మ తల ఫోనులోనే ఉంది.

మెడ పైకి లేచింది. రొమ్ము ముందుకొచ్చింది. దారపుండ కళ్ళకు అది మీదికి నిక్కినట్టే కనిపించి గుర్రుమంది. ఒంటిచెవికి వెనక్కి తగ్గడానికి తాడు లేదు. కరిచింది.

టైలరమ్మ దారపుండ మూతికి కొంగు అదిమిపెట్టి, దాన్ని తీసుకుని వెళ్ళిపోయింది. డాక్టరమ్మ బయటికొచ్చింది.

“తాడు నేనే లాగాను అమ్మడూ. దాని తప్పు రవ్వంత లేదు.”

“మామయ్యా…”

“ఒట్టు. ఇదిగో చూడు, చేతి మీద చార.”

“కరిచాక లాగితే చార పడదా? మొన్న కందిరీగ. ఆ తర్వాత తిట్టు. ఇవాళ తాడు.” ఆమె నవ్వలేదు. “తాడు బిగించకూడదని ఈ షెడ్డులో అందరికీ నేర్పిందే నువ్వు. నువ్వు లాగావంటే ఎవరు నమ్ముతారు?”

జీవితంలో మొదటిసారి పంతులు దగ్గర అల్లడానికేమీ లేదు. ఉన్నది నిజమొక్కటే, అదీ అయిపోయింది.

చివరి గదికి ఒంటిచెవిని తానే తీసుకెళ్ళాడు. తాడు మెడ దగ్గర వదులుగా వేలాడుతూనే ఉంది. గుమ్మంలో డాక్టరమ్మ కనబడగానే ఒంటిచెవి ఎదురుగా పోలేదు. వంపు తిరిగి వెళ్ళి, మొహం పక్కకు తిప్పి, పెదవులు నాక్కుని, ఆమె చెప్పులు వాసన చూసింది. తోక నడుముతో సహా ఊగింది.

“బల్ల మీదికి ఎక్కించు మామయ్యా,” అంది ఆమె, తలెత్తకుండా.