ఎవరి తప్పు వాళ్ళే

స్పీడ్ బోటు నడపడమంటే స్టీరింగ్ పట్టుకుని ఒడ్డున ఉన్నవాళ్ళకి చెయ్యూపడమే అనుకుంటారు చాలామంది. వాళ్ళనేం అనలేం, దూరపు కొండలు నునుపు. దీవుల నుంచి రోగుల్ని ఆసుపత్రికి తెచ్చే ఆ తెల్ల బోటును మాత్రం ఒక్కరు నడపలేరు. ఒకరి చేతిలో స్టీరింగ్ ఉంటే, పక్క సీట్లో ఉన్నవారి చేతిలో థ్రాటిల్ ఉంటుంది, అంటే ఇంజన్ వేగం పెంచి తగ్గించే లివర్. స్టీరింగ్ మనిషి కళ్ళు ముందున్న నీళ్ళ మీద నుంచి తియ్యకూడదు. థ్రాటిల్ మనిషి చెవులు ఇంజన్ మీద నుంచి తియ్యకూడదు. కాపురం కూడా ఇలాగే చెయ్యాలంటారు గానీ, కాపురంలో మాట తేడా వస్తే అలిగి అటు తిరిగి పడుకోవచ్చు. బోటులో ఆ వెసులుబాటు లేదు.

చాలా ఏళ్ళు ఆ స్టీరింగ్ పట్టింది పొట్టి అనే ముద్దుపేరున్న అమ్మాయి వాళ్ళ అన్నయ్య, థ్రాటిల్ పట్టింది వదిన. పోయినేడు ఒక పొద్దున బోటు పరుగు మధ్యలో బొంగరంలా తిరిగిపోయి అన్నయ్య తుంటి విరిగింది. ఇప్పుడాయన చేతికర్ర లేకుండా గుమ్మం దాటలేడు. వదిన జీతం మీదే ఇల్లు గడుస్తోంది. ఖాళీ అయిన సీట్లోకి ఎవరో ముక్కూమొహం తెలియనివాణ్ణి తెచ్చి వదిన పక్కన కూర్చోబెడతారని వినగానే, స్కూలు వ్యాను నడుపుకుంటున్న పొట్టి ఆ ఉద్యోగం మానేసి, నేను నేర్చుకుంటానని వచ్చేసింది.

పొట్టి అంటే చిన్నపిల్ల అనుకునేరు. ముప్పై దాటింది. తల్లి పోయిన ఏడాదే వదిన ఆ ఇంటికి కోడలిగా వచ్చి, ఎనిమిదేళ్ళ ఆడపడుచుకు జడ వేసి, జ్వరమొస్తే తెల్లవార్లూ కూర్చుని పెంచింది. ఆ పేరు పెట్టిందీ ఆవిడే. మొదటి రోజు బోటెక్కితే స్టీరింగ్ మీంచి నీళ్ళు కనిపించక పొట్టి మెడ సాచింది. వదిన ఇంటి నుంచి దిండు తెచ్చి ఆ సీటు మీద వేసి, ఇంత పోసి పెంచినా ఇంతే ఎదిగావేమే అని అందరి ముందూ నవ్వించింది.

నేర్పే మాస్టారు మహా చాదస్తం మనిషి. ఎర్ర తాడు ఒక కొస స్టీరింగ్ మనిషి తొడకు, ఇంకో కొస ఇంజన్ మీటకు తగిలించిందాకా తాళం చెయ్యి ఇవ్వడు. మనిషి సీట్లోంచి ఎగిరిపడితే తాడు మీటను లాగుతుంది, ఇంజన్ ఆగిపోతుంది. లేకపోతే ఖాళీ బోటు గుండ్రంగా తిరిగొచ్చి, నీళ్ళలో ఉన్న నీ మీదికే వస్తుందమ్మా, దానికి అన్నావదినా తెలియదు అనేవాడు. మలుపు తిరిగే ముందు ఎటో పైకి చెప్పాలి. ఎదురొచ్చే అలను నిటారుగా కాదు, కాస్త ఏటవాలుగా దాటాలి. స్టీరింగ్‌ను పీక పట్టుకున్నట్టు పట్టుకోకూడదు. పొట్టి రోజూ సాయంత్రానికి మోకాళ్ళు పట్టేసి ఇంటికొచ్చేది.

అన్నిటికంటే కష్టమైన పాఠం ఒకటుంది. వేగం బాగా పెరిగాక బోటు కింది భాగం చాలావరకు నీళ్ళు వదిలేస్తుంది. అప్పుడు ఒక్కోసారి ఎడమకీ కుడికీ ఊగడం మొదలెడుతుంది. ఆ ఊపు చూస్తే ఎవరికైనా ప్రాణం గుప్పిట్లోకి వస్తుంది, చెయ్యి దానంతటదే థ్రాటిల్ మూసేస్తుంది. అదే చెయ్యకూడని పని. ఒక్కసారిగా వేగం తీసేస్తే బోటు ముక్కు నీళ్ళలో దిగబడి, వెనక భాగం ముందుకు తిరిగొస్తుంది. స్టీరింగ్ కదల్చకుండా పట్టుకుని, థ్రాటిల్‌ను పాలు పొంగకుండా మంట తగ్గించినట్టు కొంచెం కొంచెం తగ్గించాలి. భయం వేసినప్పుడు నిదానంగా ఉండాలట! చెప్పడం తేలికే.

ఆ పడవలరేవులో ఒక అలవాటుంది. పరుగు ముగిశాక లైఫ్ జాకెట్లు విప్పకుండానే రేవు చెక్కల మీద కూర్చోవాలి. ఎవరి తప్పు వాళ్ళే చెప్పుకోవాలి, పక్కవాళ్ళ తప్పు ఎత్తకూడదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఒకళ్ళ మీద ఒకళ్ళు చెప్పుకోవడం మొదలైతే రేపు కలిసి బోటెక్కలేరని మాస్టారు పెట్టిన పద్ధతి అది. మంచి పద్ధతే, కాదనను.

రెండో వారంలో పొట్టికి అనుమానం మొదలైంది. బోటు అలా ఊగబోతుందనగా, తను నోరు తెరిచేలోగానే ఇంజన్ గొంతు పడిపోయేది. వేగం ఇంకా తక్కువే కాబట్టి పెద్దగా ఏమీ అయ్యేది కాదు, పళ్ళు మాత్రం టక్కున కొట్టుకునేవి. చెక్కల మీద కూర్చున్నాక వదిన, నేను ఇంకాస్త గట్టిగా బదులు చెప్పాల్సింది అనేది. తన వంతు రాగానే పొట్టి, స్టీరింగ్ బిగించి పట్టానని ఒప్పుకునేది. నిజంగానే తన తప్పేనేమోనని రాత్రిళ్ళు చేతులు చూసుకునేది.

ఒక మధ్యాహ్నం వంటింట్లో అన్నయ్య ఉల్లిపాయలు తరుగుతుంటే, ఆ రోజు అసలేం జరిగిందని అడిగింది. మలుపు తప్పు తీశాను, ఎగిరిపడ్డాను, తాడు లాగేసి ఇంజన్ ఆగిపోయింది అన్నాడాయన, కత్తి మీంచి తల ఎత్తకుండా. నీకంత బాగా వచ్చిన మలుపేగా అంటే, ఏనుగంతటిదే కాలు జారుతుందని నవ్వి, వదినతో ఈ మాటలు ఎత్తకు, నొచ్చుకుంటుంది అన్నాడు. ఆ చివరి మాట పొట్టికి చెప్పులో రాయిలా ఉండిపోయింది.

పరీక్ష రోజు గాలి లేదు. వెనక రోగిని పడుకోబెట్టే స్ట్రెచర్ ఖాళీగా ఉంది, దాని పట్టీలు బిగించి ఉన్నాయి. మాస్టారు ఒడ్డున నిలబడి చూస్తున్నాడు. మొదటి రెండు మలుపులూ బాగా వచ్చాయి. పొట్టి ఎటో చెప్పింది, వదిన సరేనంది, బోటు ఒద్దికగా తిరిగింది. ఆ తర్వాత తిన్నని పరుగు. వేగం పెరిగింది. నీళ్ళు రోడ్డులా గట్టిపడి కింద దడదడలాడాయి. పొట్టికి భయంతోపాటు సంతోషం కూడా వేసింది, అబద్ధమెందుకు.

అప్పుడు ఊపు మొదలైంది. ఎడమ, కుడి, ఎడమ. పొట్టి స్టీరింగ్ కదల్చలేదు. "మెల్లగా, వదినా," అంది. అంతే, ఇంజన్ గొంతు ఒక్కసారిగా తెగిపోయింది. క్షణం పాటు కళ్ళు పక్కకు తిప్పింది పొట్టి, తిప్పకూడదని తెలిసినా. వదిన థ్రాటిల్‌ను పూర్తిగా వెనక్కి లాగేసి, రెండు చేతులతో దాన్ని పట్టుకుని, కళ్ళు మూసుకుని ఉంది. ముక్కు నీళ్ళలో దిగింది. ఆకాశం, ఒడ్డు, నీళ్ళు కలిసి తిరిగాయి. పొట్టి సీట్లోంచి లేచి భుజంతో పక్క గోడకు కొట్టుకుంది. తాడు మీటను లాగేసింది. అంతా ఆగాక చూస్తే, స్ట్రెచర్ పట్టీలు తెంచుకుని తలకిందులుగా పడి ఉంది. వదిన నుదుటి నుంచి రక్తం కారుతోంది.

ఒడ్డుకు చేరి, కట్టు కట్టించుకుని చెక్కల మీద కూర్చున్నారు. ఇంజన్‌ను ఆపింది తాడో థ్రాటిలో ఒడ్డునున్న మాస్టారికి తెలిసే దారి లేదు. ఎవరి తప్పు వాళ్ళే చెప్పుకోమన్నాడు. వదిన తల దించుకుంది. ఆవిడ కళ్ళు ఒక్కసారి పొట్టి వైపు తిరిగి వాలిపోయాయి. ఆ చూపులో ఏముందో పొట్టికి తెలుసు, పోయినేడు అన్నయ్యకూ తెలిసే ఉంటుంది.

ముందు నుయ్యి, వెనుక గొయ్యి. నా తాడు లాగేసి ఇంజన్ ఆగిందని చెబితే చాలు, తను ఫెయిలై మళ్ళీ వ్యాను తోలుకుంటుంది, వదిన ఉద్యోగం నిలబడుతుంది, ఇల్లు గడుస్తుంది. ఆ సీట్లోకి ఇంకొకరొస్తారు. వెనక స్ట్రెచర్ మీద ఎవరి తల్లో, ఎవరి బిడ్డో ఉంటారు. నిజం చెబితే, తనకు అన్నం కలిపి పెట్టిన చేతిని నలుగురిలో వేలెత్తి చూపినట్టవుతుంది. పొట్టి ఏడ్చేసింది. ఏడుస్తూనే చెప్పింది.

"థ్రాటిల్ వదిన మూసేసింది, మాస్టారూ. ఇవాళే కాదు. ఊపు వచ్చిన ప్రతిసారీ మూసేస్తోంది."

పక్కవాళ్ళ తప్పు ఎత్తకూడదన్న సంగతి మాస్టారు గుర్తుచెయ్యలేదు. వదిన లేచి, జాకెట్ విప్పి, మడిచి ఆయన చేతికిచ్చి బయటికి నడిచింది.

ఇంటికెళ్ళేసరికి అన్నయ్యకు సంగతి తెలిసిపోయింది. మంచం మీంచి లేవలేక, చేతికర్రను నేలకేసి కొట్టాడు. నా తుంటి పోగొట్టుకుని కాపాడిన పరువును నువ్వు ఒక్క మాటతో మట్టిలో కలిపావు కదే, నిన్ను పెంచినందుకా ఇది అని అరిచాడు. పొట్టి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఆగండి," అంది వదిన. మెల్లగా వచ్చి భర్త ఎదురుగా కూర్చుంది. "మీ తుంటి విరగ్గొట్టింది నేను. ఆ రోజు మిమ్మల్ని చెక్కల మీద పడుకోబెట్టగానే, నేను నోరు తెరిచేలోపే అది మీ తప్పని చెప్పేశారు. నామీద ప్రేమేననుకోండి. కానీ నా తప్పు నన్ను చెప్పుకోనివ్వలేదు మీరు. అది లోపలే ఉండి నా చెయ్యి తినేసింది. బోటు కొంచెం ఊగితే చాలు, మీ ఎముక విరిగిన చప్పుడే వినిపిస్తోంది. అలాంటిదాన్ని తీసుకెళ్ళి ఈ పిల్ల పక్కన కూర్చోబెట్టారు. ఇవాళ దీన్ని చంపేసేదాన్ని."

అన్నయ్య చేతిలో కర్ర జారిపోయింది. ఆయన మొహం కప్పుకున్నాడు.

పొట్టి పరుగున వచ్చి వదిన కాళ్ళ దగ్గర కూలబడి, ఆవిడ చెయ్యి అందుకోబోయింది. వదిన చెయ్యి వెనక్కి తీసుకుంది. కోపంగా కాదు, కాలిన చేతిని తీసుకున్నట్టు.

"నువ్వు చేసింది సబబే," అంది. "నాకు తెలుసు. కానీ నీమీద కోపం లేదని మాత్రం అబద్ధం చెప్పలేనే. ఇవాళ్టికి నన్ను ముట్టుకోకు."

పొట్టి అలాగేనని తలూపి, లేచి, తన భుజానికి తనే మందు రాసుకోవడానికి వెళ్ళింది.