టిక్కెట్ల పెట్టెలో తొమ్మిది శాటిలైట్లు

లాంచీ నది నడిమధ్యలో ఉంది. దాన్ని నడిపే సరంగు చేతిలోని జీపీఎస్ మాత్రం లాంచీ కూరగాయల మార్కెట్లో ఉందని చూపిస్తోంది.

"వంకాయలు లేతగా ఉంటే ఓ కిలో తీసుకో బావా," అన్నాడు బావమరిది, ఆయన భుజం మీంచి తొంగిచూసి.

ఈ బావమరిది సరంగు భార్యకి స్వయానా తమ్ముడు. రేవులో రేడియోలు బాగుచేసే కొట్టుంది. అందరూ అతన్ని రేడియో అనే పిలుస్తారు. సగం కొట్టు వల్ల, సగం ఆ నోటికి కట్టేసే మీట లేకపోవడం వల్ల.

సరంగుకి నవ్వు రాలేదు. నవ్వొచ్చే రోజులు కావవి. పొగమంచు పడే రెండు నెలలూ లాంచీ నడవాలంటే, కళ్లకి ఏమీ కనపడకపోయినా యంత్రం చూసి అవతలి గట్టు చేరగలమని పరీక్షలో చూపించాలట. రేవు ఆఫీసు వాళ్లు కొత్తగా పెట్టిన రూలు. పరీక్ష గురువారం. ఓనరు సబ్బుపెట్టె అంతున్న ఈ యంత్రం కొని తెచ్చి చేతిలో పెట్టాడు. ఊరికే పెట్టి పోతే ఓనరెందుకవుతాడు? "నీవల్ల కాకపోతే మొహమాటపడకు. పై రేవులో సర్టిఫికెట్ ఉన్న సరంగున్నాడు. ఆ రెండు నెలలకీ అతన్ని పెట్టుకుంటా," అని ఓ మాట కూడా పెట్టిపోయాడు.

రెండు నెలలకని ఇచ్చిన కుర్చీ మళ్లీ వెనక్కొచ్చినట్టు సరంగు తన జన్మలో చూడలేదు. ఐదో తరగతిలో బడి మానేసి లాంచీ ఎక్కినవాడు. ఈ చుక్కాని చక్రం పట్టి ఇరవయ్యారేళ్లయింది. పై రేవువాడి దగ్గర గాజు ఫ్రేములో కాగితముంది. తన దగ్గరున్నవి అరచేతుల్లో కాయలు. ఆఫీసుల్లో కాయలు ఎవడూ చూడడు, కాగితమే చూస్తాడు.

"నే ముందే చెప్పాను," అన్నాడు రేడియో. "కేబిన్ పైన ఇనుప రేకు, చుట్టూ ఇనుప రేకు. నువ్వు కూర్చున్నది డబ్బాలో. ఇది ఆకాశాన్ని చూస్తే గానీ పని చెయ్యదు. బయట ఓ యాంటెన్నా పెట్టి, దాని వైరు లోపలికి లాక్కోవాలి. ఇదిగో, దానికోసమే వెనక బెజ్జం పెట్టారు. ఊరికే పెడతారా?"

యంత్రం వీపు మీద రబ్బరు మూత, దాని కింద నిజంగానే ఓ బెజ్జం ఉన్నాయి.

"నీ చొక్కాకి ఏడు కాజాలున్నాయి. నువ్వు పెట్టుకునేది మూడు గుండీలు. అన్నీ వాడాలని రూలుందా?"

"సరే, వాడకు. మార్కెట్లోనే నడుపు లాంచీ."

చిక్కల్లా ఒకటే. యాంటెన్నా నగరం నుంచి రావాలి, పది రోజులు పడుతుంది. ఇవాళ సోమవారం. అది లేందే కుదరదంటే పరీక్ష వాయిదా అడగాలి. అడిగిన మరుక్షణం ఓనరు పై రేవుకి ఫోను చేస్తాడు. అక్కర్లేదని మొండికేస్తే, గురువారం నాడు అధికారి కళ్లెదుటే ఇసుక మేటెక్కొచ్చు. అవసరమా కాదా అన్నది బుధవారం సాయంత్రానికల్లా తేలాలి.

మంగళవారమంతా ఆయన తేల్చే పనిలోనే ఉన్నాడు. యంత్రాన్ని కేబిన్ ముందు గాజు దగ్గర పెట్టి చూశాడు. మూడు శాటిలైట్లు కనపడ్డాయి, లాంచీ మార్కెట్లోంచి బయల్దేరి పోలీస్ స్టేషన్ చేరింది. పక్క కిటికీలోంచి చెయ్యి బయటకి చాపి పట్టుకుంటే ఎనిమిది దొరికాయి. కానీ ఆ చక్రం ఒంటిచేత్తో తిరిగే సరుకు కాదు. లాంచీ నది మధ్యలో గానుగెద్దులా గుండ్రంగా తిరిగింది. చివరికి తువ్వాలుతో యంత్రాన్ని నెత్తికి కట్టుకున్నాడు.

"నీ నెత్తి కూడా రేకు కిందే ఉంది కదా బావా," అన్నాడు రేడియో జాలిగా.

కేబిన్ వెనక గోడకి ఆనించి ఓ చెక్క పెట్టె ఉంటుంది. సరంగు భార్య అందులో కూర్చుని టిక్కెట్లు చింపి ఇస్తుంది. పక్కల పలకలు, పైన టార్పాలిన్. కేబిన్‌కీ పెట్టెకీ మధ్య గోడలో చెయ్యి పట్టేంత సందుంది. ఆ సందులోంచే ఆమె ఆయనకి టీ గ్లాసు అందిస్తుంది, మాటలూ అందిస్తుంది. నెత్తిన కట్టు చూడగానే సందులోంచి చెయ్యొచ్చింది.

"ముందది ఇలా ఇవ్వండి. జనం చూస్తే పంటి నొప్పనుకుంటారు."

యంత్రాన్ని లాక్కుని, టిక్కెట్ల పుస్తకాల పక్కన పెట్టి తన పనిలో పడింది. కాసేపటికి లోపల్నుంచి, "ఏమండీ, ఇందులో ఇన్ని గీతలు లేచాయేమిటి? తొమ్మిది అని కూడా వేసింది," అంది.

రేడియో పరుగెత్తాడు. తొమ్మిది శాటిలైట్లు. బాణం గుర్తు నది మధ్యలో, ఉండాల్సిన చోట బుద్ధిగా కూర్చుంది. రెండు గట్లతో పోల్చి చూస్తే పది పదిహేను అడుగుల తేడా కూడా లేదు.

"చెక్కనీ, టార్పాలిన్‌నీ ఇది లెక్కచెయ్యదక్కా. ఇనుమంటేనే దీనికి పడదు," అన్నాడు నీరసంగా. ఓ యాంటెన్నా బేరం పోయిందన్న బాధ వాడి గొంతులో వినపడింది.

"అంటే యాంటెన్నా అక్కర్లేదు!" అని సరంగు చక్రం మీద చరిచాడు.

"అక్కర్లేదు. కానీ యంత్రం అక్కడ, నువ్విక్కడ. చూసి చెప్పేదెవరు?"

సరంగు సందులోకి చూశాడు. సందులోంచి రెండు కళ్లు ఆయన్ని చూస్తున్నాయి.

"నువ్వు చెప్తే నేను తిప్పాలా?"

"ఇంట్లో తిప్పట్లేదేంటి?" అంది ఆమె. బెంచీల మీదున్న జనం గొల్లుమన్నారు.

బుధవారం మధ్యాహ్నం, జనం లేనప్పుడు, ముందు గాజుకి గోనెపట్టా కట్టి ప్రయత్నం మొదలెట్టారు. ఇంజను మోత మధ్య ఆమె "ఎడమకి!" అని అరిచింది. ఆయన ఎడమకి తిప్పాడు. "ఇంకా ఎడమకి!" అంది. ఇంకా తిప్పాడు. లాంచీ అడుగున గర్రుమని మోగింది. ముగ్గురూ ముందుకి తూలారు. గోనె తీసి చూస్తే ఇసుక మేట మీద కొంగ ఒకటి వీళ్లకేసి చూస్తోంది.

"ఎడమంటే ఎటే నీకు?"

"ఎడమంటే ఎడమే. గాజులెక్కువేసుకున్న చెయ్యి."

ఆమె బయటికొచ్చి చెయ్యి చాపి చూపించాక గానీ అసలు సంగతి బయటపడలేదు. జనం ఎక్కేది వెనక నుంచి కాబట్టి పెట్టె కిటికీ వెనక్కే ఉంటుంది. ఆమె కూర్చునేదీ వెనక్కి తిరిగే. ఆమె ఎడమ ఆయన కుడి.

"ఇరవై ఏళ్లుగా లాంచీ ఎటు పోతోందో నేను చూడలేదు. ఎక్కణ్ణుంచి వచ్చామో అదే చూస్తున్నాను," అంది. కోపంగా అనలేదు. అప్పుడే కనిపెట్టినట్టు అంది. సరంగు గెడ పుచ్చుకుని లాంచీని ఇసుక మీంచి నెట్టే పనిలో పడ్డాడు.

"ఎగువ, దిగువ అనుకోండి. పేచీ ఉండదు," అన్నాడు రేడియో.

"ఇంజను మోతలో రెండూ గువ్వగువ్వమనే ఉంటాయి," అంది అక్క. "మా అమ్మావాళ్లిల్లు ఎగువన. మీ అమ్మగారిల్లు దిగువన. అటు తిప్పాలంటే పుట్టిల్లంటాను, ఇటైతే అత్తగారంటాను. లాంచీ ఎటు తిరిగినా ఇళ్లు కదలవుగా?"

తప్పు పట్టడానికి అందులో సరంగుకి ఏమీ దొరకలేదు. మళ్లీ గోనె కట్టారు. ఆ సాయంత్రం లాంచీ నాలుగుసార్లు అటూ ఇటూ దాటింది. ఒక్కసారీ మోగలేదు.

గురువారం పొద్దున గోనెపట్టాతో పని లేకుండా పోయింది. నిజం పొగమంచే దిగింది. రేవు మెట్ల మీద నిలబడితే మూడో మెట్టు కనపడట్లేదు. అధికారి సన్నటి మనిషి, చంకలో ఫైలు. లాంచీ ఎక్కేటప్పుడు రెండు చేతులతో కమ్మీ పట్టుకున్నాడు. అతని వెనకే రేడియో, బుట్టలతో జనం ఎక్కారు.

"యంత్రమేదీ?"

"పెట్టెలో ఉంది సార్."

"యాంటెన్నా?"

"లేదు సార్."

అధికారి ఫైలు మీద ఏదో గీకాడు. కాగితం మీద కలం కదిలినప్పుడల్లా సరంగుకి నష్టమే జరిగింది. చక్రం పట్టుకున్నాడు. లాంచీ కదిలింది. గట్టు వెనక్కి పోయి కరిగిపోయింది. ముందు తెలుపు, పక్కన తెలుపు, ఇంకేమీ లేదు.

"కొంచెం పుట్టిల్లు," అని వినపడింది సందులోంచి.

ఆయన కొంచెం ఎగువకి తిప్పాడు.

"చాలు. నేరుగా... నేరుగా... ఓ పిసరు అత్తగారు."

"ఎవరి అత్తగారు?" అన్నాడు అధికారి.

"మా అమ్మ సార్," అన్నాడు సరంగు చక్రం తిప్పుతూ.

బెంచీల మీద ఎవరో కిసుక్కుమన్నారు. అధికారి రేడియో వైపు తిరిగాడు. రేడియోకి కావలసింది అదే. ఇళ్లెక్కడున్నాయో, పెళ్లెప్పుడైందో మొదలుకుని చెప్పుకొచ్చాడు.

సగం దాటాక ఆమె గొంతు మారింది. "పుట్టిల్లు! పుట్టిల్లు! బాగా!"

సరంగు చేతులు ఆగాయి. ఇరవయ్యారేళ్ల ఒళ్లు ఆయనతో వేరే మాట చెబుతోంది: నేరుగా పోతున్నాం, ఎగువకి తిప్పితే లోతు తప్పిపోతాం. ఒళ్లు చెప్పిన మాట ఆయన ఎన్నడూ కాదనలేదు. ఎదుటివాళ్లు చెప్పింది ఎన్నడూ విన్నదీ లేదు.

"ఏమండీ, నీళ్లు మనల్ని లాగేస్తున్నాయి! మీకు తెలీట్లేదు, నాకిక్కడ కనిపిస్తోంది! తిప్పండి!"

ఆయన పళ్లు బిగించి చక్రాన్ని చివరికంటా తిప్పాడు. లాంచీ పక్కకి ఒరిగింది. బుట్టలు జారాయి. అధికారి కమ్మీని వాటేసుకున్నాడు. అప్పుడు దిగువ పక్క మంచు ఓ క్షణం పలచబడింది. బారెడు దూరంలో ఇసుక మేట, తడి ఆరిన గోధుమరంగు వీపుతో, మెల్లగా వెనక్కి జరిగిపోయింది. తన ఒళ్లు చెప్పింది విని ఉంటే ఈపాటికి దాని మీద కూర్చునుండేవారు.

అందరూ ఒక్కసారే మాట్లాడారు.

"చాలు, ఇక నేరుగా," అంది ఆమె. గొంతులో నవ్వు పొంగుతోంది. "నేరుగానే... ఇంకా నేరుగానే..."

రేవుకి కట్టిన పాత టైర్లకి లాంచీ మెత్తగా తగిలి ఆగింది. తట్టల ముసలమ్మ ఒకామె చప్పట్లు కొట్టింది. ఆ వెంటనే బెంచీలన్నీ కొట్టాయి. సరంగు కేబిన్‌లోంచి బయటికొచ్చి పెట్టె ముందు నిలబడ్డాడు. ఆమె జుట్టు మీద మంచు చిన్న చిన్న చుక్కలై ఉంది. ముక్కు ఎర్రబడింది. పెళ్లిలో కూడా ఆ మొహంలో అంత వెలుగు చూసిన గుర్తు లేదాయనకి.

అధికారి ఫైలు మోకాలి మీద పెట్టుకున్నాడు. "దాటారు, కాదనను. కానీ ఇక్కడో గడి ఉంది. ఇనుప కేబిన్ అయితే బయటి యాంటెన్నా ఉండాలి, లేదా యంత్రం చూసి చెప్పే మనిషి ఉండాలి. యాంటెన్నా అని రాస్తే, అది వచ్చాక మీరొక్కరే నడుపుకోవచ్చు. అప్పటిదాకా మాత్రం ఇద్దరూ ఉండాలి. మనిషి అని రాస్తే, ఈవిడ లేకుండా మంచులో లాంచీ కదలకూడదు. ఏం రాయమంటారు?"

రేడియో ఆశగా బావ మొహంలోకి చూశాడు. కుర్చీ ఎలాగూ దక్కింది. యాంటెన్నా అంటే ఎవరి మాటా వినక్కర్లేదు. పది రోజులు ఓపిక పడితే చాలు. సరంగు నోరు తెరిచాడు.

"మనిషి అని రాయండి సార్."

"నన్నడగరా?" అంది పెట్టెలోంచి ఆమె.

"అడుగుతున్నాగా. ఉంటావా?"

"నా కుర్చీ ముందుకి తిప్పాలి. పెట్టెకి ముందు వైపు కిటికీ కొయ్యాలి. మంచు లేనప్పుడు నది చూడాలి నేను."

"ఎంత కిటికీ?"

ఆమె రెండు చేతులూ బారచాపింది. మధ్యలో కేబిన్ అడ్డమొస్తుందని ఆయన చెప్పబోయాడు. పెట్టెని కాస్త పక్కకి జరిపితే తీరిపోయే చిక్కేనని మరుక్షణమే తోచింది.

"ఇవాళ మధ్యాహ్నమే రంపం తెస్తా," అన్నాడు.

అధికారి గడిలో రాసి, సంతకం పెట్టి, కలం మూత బిగించాడు. చుట్టూ చూశాడు. మంచు ఇంకా చిక్కబడింది.

"మరి నేను వెనక్కి పోవడమెలా?"

"ఎలా వచ్చారో అలాగే. రండి, జనం ఎక్కుతున్నారు," అన్నాడు సరంగు హుషారుగా.

"అవునుగానీ, నేను ఇది చూస్తూ కూర్చుంటే టిక్కెట్లెవరు చింపుతారు?" అంది ఆమె యంత్రం తుడుచుకుంటూ.

భార్యాభర్తలిద్దరూ ఒకేసారి రేడియో వైపు తిరిగారు.

"నాకు కొట్టుంది బావా! బేరాలున్నాయి!"

"ఈ మంచులో నీ కొట్టు ఎవడికి కనపడుతుందిరా?" అన్నాడు సరంగు, టిక్కెట్ల పుస్తకం వాడి చేతిలో పెడుతూ. "నిలబడి చింపు. ముందు సార్‌కివ్వు."