ఎర్రసిరా సంతకం

పొద్దున లేతు మెషీనును ముట్టుకోగానే షాకు కొట్టి తండ్రి చేయి దానికి అతుక్కుపోయింది. పక్క మెషీను మనిషి మెయిన్ ఆపబట్టి బతికాడు. ఇప్పుడు అరచేతికి తడిగుడ్డ చుట్టుకుని నిలబడ్డాడు. ఎనిమిదిమంది పని మానేసి కూర్చున్నారు. సాయంత్రానికి సరుకు వెళ్ళాలి, ఎలక్ట్రీషియన్ ఎల్లుండిగాని రానన్నాడు.

"మీ అమ్మాయి చదివేది కరెంటు ఇంజనీరింగేగా? పిలవవయ్యా," అన్నాడు ఓనరు.

కూతురు కాలేజీ నుంచి పరుగున వచ్చింది. ఓనరు ఆమె ముందు అద్దెకు తెచ్చిన మీటరు, ఒక కాగితం పెట్టాడు.

"ఎర్త్ బాగుందని చూసి ఓ సంతకం పడేయమ్మా. మెషీను ఆన్ చేసుకుంటాం."

"మా అమ్మాయి ముందు కరెంటు చేతులు కట్టుకోవాల్సిందే," అన్నాడు తండ్రి, అంత నొప్పిలోనూ.

మీటరుతో పాటు మూడు తీగలు, రెండు ఇనుప మేకులు ఉన్నాయి. ఏది ఎక్కడ పెట్టాలో ఆమెకు తెలియదు. ఎర్త్ కొలిచే ఈ ప్రయోగం ఆమె లాబ్ రికార్డులో ఉంది. రీడింగు 2.1, కింద లెక్చరరు ఎర్రసిరా సంతకం, పదికి పది. క్లాసులో అందరికీ 2.1 వచ్చింది. సీనియర్ల రికార్డు చూసి ఎక్కించుకున్నారు, వాళ్ళు తమ సీనియర్లది చూసి. అసలు ఎవరు ఎప్పుడు కొలిచారో దేవుడికెరుక. లాబ్‌లో మీటరు అద్దాల బీరువాలో భద్రంగా ఉంటుంది. ఎర్త్ నిర్వచనం అడిగితే ఆమె ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పగలదు.

తండ్రికి చదవడం రాదు. చేతులు కడుక్కుని, తుడుచుకున్నాకే ఆ రికార్డును ముట్టుకునేవాడు. పేజీలు తిప్పి ఎర్ర సంతకాలు లెక్కపెట్టుకునేవాడు. ఆ చేతి కట్టు చూడలేక ఆమె తల దించుకుంది.

"నాకు రాదు నాన్నా."

"సరిగ్గా చూడమ్మా. పుస్తకంలో చేశావుగా."

"చెయ్యలేదు. చూసి రాశాను. అందరం అంతే."

ఓనరు పెన్ను ముందుకు జరిపాడు.

"పోనీ సంతకమన్నా పెట్టు. దానికి చదువు అక్కర్లేదుగా."

"మూడేళ్ళుగా అలాంటి పనే చేశాను సార్. ఇది మాత్రం పెట్టను."

ఓనరు తండ్రి వైపు తిరిగాడు. "ఏమయ్యా, ఆన్ చేస్తావా?"

తండ్రి కూతురి ముఖం చూడలేదు. మెయిన్ దగ్గరికి వెళ్ళి, ఎడమచేత్తో ఫ్యూజు పీకి చొక్కా జేబులో వేసుకున్నాడు.