నిండు బ్యాటరీ

గిటారు అదే. యాంపూ అదే. తీగలు కూడా అన్న వాడిన రకమే, మా ఎడారి పట్నం తామన్రాసెత్ బజారంతా గాలించి తెచ్చినవి. అయినా ఆ మోత రావడం లేదు.

అమస్తాన్ తన వదిన గుడారం ముందు చాప మీద కూర్చుని మరోసారి మీటాడు. మోత నిటారుగా వచ్చి నిలబడింది, ఇస్త్రీ చేసిన చొక్కాలాగ. ఎక్కడా మడత లేదు, మరక లేదు. అన్న మోత అట్లా ఉండేది కాదు. ముందు కాస్త తడబడేది. తర్వాత ఒళ్ళు విరుచుకునేది. చివరికి గొంతు బొంగురుపోయి, బరువు మోసిన ఒంటె మోకాళ్ళు మడిచినట్టు ఇసకలోకి కుంగేది.

అన్న కూతురు ఘయిషా పెళ్ళి దగ్గరికొచ్చేసింది. ఆ పిల్ల బాబాయిని కోరిన కోరిక ఒక్కటే.

"బాబాయ్, పెళ్ళిలో ఎవరి పాటలైనా వాయించు. ఆయన పాట మాత్రం ఆయన మోతతో వస్తేనే వాయించు. రాకపోతే ఆ పాట వద్దు."

'ఆయన' అంది. నాన్న అని కూడా అనలేదు. మావాళ్ళు పోయినవాళ్ళ పేరెత్తరు. పేరెత్తితే పోయినవాడు వెనక్కి తిరిగి చూస్తాడని, తిరిగి చూసినవాడికి అక్కడ నిద్రపట్టదని పెద్దల మాట. కాబట్టి ఈ కథలోనూ ఆయన పేరుండదు. తండ్రి ఒళ్ళో పాట వింటూ నిద్రపోయే వయసు ఘయిషాది, ఆయన పోయేనాటికి. ముఖం గుర్తు లేదు. మోత గుర్తుంది. ఉన్న ఒక్క క్యాసెట్టూ ఏనాడో టేపు నలిగి తెగిపోయింది. ఇక ఆ పిల్లకి తండ్రి అంటూ ఏదైనా మిగిలి ఉంటే, అది అమస్తాన్ వేళ్ళలోంచే రావాలి.

తీగలు మార్చాడు. గోటితో మీటాడు, సార్డీను డబ్బా రేకు కత్తిరించి దానితో మీటాడు. యాంపుని ఇసకలో సగం పాతి చూశాడు, తోలు కప్పి చూశాడు. ఆ మోత చొక్కా రంగు మారింది గాని ఇస్త్రీ చెదరలేదు.

ఇంకొక సంగతి చెప్పాలి. అన్న లారీ తోలేవాడు. సరిహద్దు దాటి దక్షిణానికి ఖర్జూరాలు, మాకరోనీ తీసుకెళ్ళేవాడు. ఒక ఎండాకాలం ఆ లారీ చుక్క నీరు దొరకని తనెజ్రూఫ్ట్ ఎడారిలో ఆగిపోయింది. వెతకబోయినవాళ్ళు జాడ పట్టి చేరేసరికి ఆయన లారీ నీడలో పడుకుని ఉన్నాడు. లేవలేదు. అమస్తాన్ అప్పుడు లిబియా తోటల్లో కూలికి ఉన్నాడు. తిరిగొచ్చాక ఒకరోజు బావి దగ్గర, అటుపక్క నీళ్ళు తోడుతున్నవాళ్ళ మాట చెవినబడింది. "లారీ బ్యాటరీని గిటారుకి తాగించేశాడు. ఇంక బండికేం మిగులుతుంది?"

అమస్తాన్ చేద అక్కడే వదిలేసి వచ్చాడు. ఆ మాట ఎవర్నీ అడగలేదు, ఎవరితోనూ అనలేదు. కాని ఆనాటినుంచి అతని యాంపు బ్యాటరీ ఒక్కపూట కూడా నీరసించి ఎరగదు. ఇంటిమీద సోలారు పలక, జీపులో అదనపు బ్యాటరీ, వాయించే ముందు ఒకసారి, వాయించాక ఒకసారి తనిఖీ. "అమస్తాన్ పెళ్ళానికి అన్నం పెట్టడం మర్చిపోవచ్చు గాని బ్యాటరీకి మర్చిపోడు" అని తోటి వాయిద్యగాళ్ళు నవ్వుకునేవారు. అతనూ నవ్వేవాడు.

ఆ పూట టీ పళ్ళెం పట్టుకుని వదిన తకమత్ వచ్చి ఎదురుగా కూర్చుంది. అన్న భార్యే కాదు, మేనమామ కూతురు కూడా. మా దగ్గర ఆ వరస వాళ్ళు ఒకరినొకరు ఎంత మాటైనా అనుకోవచ్చు. అనకపోతేనే అనుమానిస్తారు.

"ఏం మరిదీ, పొద్దుటినుంచీ దాని పీక పిసుకుతున్నావ్. ప్రాణం పోయిందా, ఇంకా కొట్టుకుంటోందా?"

"నీ నోరు పడ. ఆ టీ ఇటు పొయ్యి."

"పోస్తా. నువ్వు మొదలుపెట్టినకాడ్నించీ నా మేకలు పాలు చేపడం మానేశాయి. ఆ పాలెవరిస్తారు?"

"నీ మేకలకి సంగీతం కూడా తెలుసా? మీ ఇంట్లో ఒక్కళ్ళకైనా తెలిసినందుకు సంతోషం."

"తెలియబట్టే చెప్తున్నా. నువ్వు వాయిస్తుంటే బళ్ళో పంతులు హాజరు పిలుస్తున్నట్టుంది. ప్రతి తీగా లేచి నిలబడి 'ఉన్నానండీ' అంటోంది."

అమస్తాన్ ఫక్కున నవ్వాడు. నవ్వు సగంలో ఆగింది. మా మగవాళ్ళు తలకి చుట్టుకునే నీలి ముసుగుని ముక్కు మీదికి లాక్కున్నాడు. ఇన్నేళ్ళూ వేళాకోళాలాడుకున్నారు గాని, పోయిన మనిషి మాట వైపు మాత్రం ఇద్దరిలో ఎవరూ అడుగు వెయ్యలేదు.

"వదినా... ఆ మోతకీ దీనికీ ఏం తక్కువైంది?"

తకమత్ టీ పొయ్యడం ఆపింది. కెటిల్ గాల్లోనే ఉంది.

"తక్కువ కాలేదు. ఎక్కువైంది" అంది. యాంపు పక్కన కొత్త పెళ్ళికొడుకులా మెరుస్తున్న బ్యాటరీ వైపు గడ్డం ఎత్తింది. "నీది మరీ బలిసింది."

"అంటే?"

ఆమె చెయ్యి చాపి గుడారం మూల చూపించింది. తాడు కొసన, గాలికి లేవకుండా బరువు కోసం కట్టిన నల్లటి డొక్కు పెట్టె. పెంకు పగిలిన పాత బ్యాటరీ. దానికి కాలు తగిలి అమస్తాన్ ఎన్నిసార్లు తిట్టుకున్నాడో.

"ఆ మనిషి పాడింది దీనిమీద" అంది తకమత్. "లారీ బ్యాటరీని ఎవర్నీ ముట్టనిచ్చేవాడు కాదు. చంటిపిల్ల అయినా సరే, దాని జోలికెళ్తే కసిరేవాడు. లారీకి పనికిరాదని తీసి పారేసినదాన్ని నేను గాడిద మీద వేసుకొచ్చేదాన్ని. పగలంతా ఎండలో పెడితే సాయంత్రానికి కాస్త ప్రాణం తెచ్చుకునేది. ఆ కొన ఊపిరి మీదే ఆ పాటలన్నీ. అందుకే అట్లా కుంగేది."

అమస్తాన్ గ్లాసు చాప మీద పెట్టేశాడు.

"మరి లారీ... ఆగింది..."

"ఇరుసు విరిగి ఆగింది. చూసినవాళ్ళు స్విచ్చి నొక్కారట. దీపాలు రెండూ భగ్గున వెలిగాయట. నాతో చెప్పారు."

"నాతో నువ్వు చెప్పలేదే?"

"నువ్వు అడగలేదే." ఆమె గొంతులో వేళాకోళం లేదు. "పోయినవాళ్ళ మాట మనం ఎత్తం కదా మరిదీ. నీకు మర్యాద, నాకు మర్యాద. నువ్వేం మోస్తున్నావో నాకేం తెలుసు?"

అతను తల వంచుకున్నాడు. ముఖం కనబడలేదు. ముసుగు మాత్రం కళ్ళ కింద ముదురు నీలంగా తడిసింది. తకమత్ అతని గ్లాసు మళ్ళీ నింపింది.

"ఆ గుడ్డ ఉతికించుకో. పెళ్ళికి అదే చుట్టుకొస్తే పిల్ల పరువు పోతుంది."

పెళ్ళి ఊరి బయట ఎండిన ఏటిలో. సాయంత్రపు ఎండ రాళ్ళమీద ఎర్రగా ఉంది. ఆడవాళ్ళు రోటికి తోలు బిగించిన డప్పులు వాయిస్తుంటే ఒంటెలు చుట్టూ తిరిగాయి. పెళ్ళికూతురు తన గుడారంలో, మేలిముసుగులో ఉంది. అందరి పాటలూ అయ్యాయి. అమస్తాన్ లేచి జనరేటరు తీగ పీకేశాడు. టాక్సీ తోలే బిస్కా దగ్గర అడిగి తెచ్చుకున్న బ్యాటరీని యాంపుకి తగిలించాడు.

"ఒరేయ్, అది వద్దురా" అన్నాడు బిస్కా. "దాన్ని నమ్ముకుని రోజూ ప్రయాణికుల చేత టాక్సీ తోయిస్తున్నా. తిట్లు తిని బతికే బ్యాటరీ అది."

"అందుకే అడిగా."

మొదటి తీగ తడబడింది. రెండోది ఒళ్ళు విరుచుకుంది. ముసలాళ్ళ మాటలు ఉన్నచోటే ఆగిపోయాయి. టీ పోస్తున్నవాడు పొయ్యడం మరిచాడు. ఏమని అంటారు? పేరెత్తకూడదు కదా. ఆ మోతలో వచ్చిన మనిషి ఎవరో అందరికీ తెలుసు.

చరణం చరణానికీ బ్యాటరీ దిగిపోతోంది. మోత బొంగురుపోయింది, వంగింది, ఇసకలోకి కుంగుతోంది. జనరేటరువాడు తీగ పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

"ఆగిపోతోంది, ఆగిపోతోంది! జరగండి, ఇది పెడతా!"

"వద్దు. దాన్నట్లాగే పోనివ్వండి."

ఆ మాట పెళ్ళికూతురి గుడారంలోంచి వచ్చింది. పెళ్ళికూతురు నలుగురిలో నోరు తెరవడం మావైపు లేదు. పెద్దలు విననట్టు ఇసక వైపు చూశారు. జనరేటరువాడు తీగ కింద పెట్టి, దాని పక్కనే చతికిలబడ్డాడు.

అమస్తాన్ ఆపలేదు. యాంపు ఒక్కసారి గురగురమని మూగబోయింది. చివరి చరణం వట్టి తీగల మీదే నడిచింది. దగ్గరున్నవాళ్ళకి చీమ నడిచినంత వినబడింది. దూరాన ఉన్నవాళ్ళకి అదీ లేదు, అయినా ఎవరూ కదల్లేదు. పాట అయ్యాక అతను గిటారుని బోర్లించి పెట్టాడు. గుడారం లోపల ఘయిషా ఏడుస్తోంది. ఆ ఏడుపుని ఎవరూ ఓదార్చబోలేదు.

మర్నాడు పొద్దున్నే తకమత్ అతని గుమ్మం ముందు కొయ్యగిన్నె నిండా పాలు తెచ్చి పెట్టింది. ఇంకా వెచ్చగా ఉన్నాయి, నురగ కూడా విరగలేదు.

"మేకలు చేపాయి మరిదీ" అని మాత్రం అంది. అని, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది.